మేడిచెట్టు దేవత

నర్సుగా రిటైరైన పర్సిస్ శనివారాలు అమెరికాలో తాముండే మోరిస్‌విల్ నుంచి డ్రైవ్ చేసుకుని వెళ్లి, మ్యూజియంలో ఈజిప్టు గది చూపిస్తుంది. మాట మొదలుపెట్టే ముందు కొంగు నడుముకు దోపుతుంది. బొమ్మల్ని వేలితో కాదు, అరచేతితో చూపిస్తుంది. ఎవరొచ్చినా చివరికి ఒక శవపేటిక పలక దగ్గర ఆగుతుంది. దాని మీద మేడిచెట్టు కొమ్మల్లోంచి నడుము దాకా బయటికొచ్చిన దేవత, చనిపోయినవాడి దోసిట్లో నీళ్లు పోస్తూ ఉంటుంది.

ఆ శనివారం వాళ్ల తెలుగు చర్చి పిల్లలే వచ్చారు. "విగ్రహాల కథలు వద్దమ్మా, మీరు సండే స్కూల్ టీచర్" అని సంఘపెద్ద దేవకుమార్ ముందే హెచ్చరించాడు. పర్సిస్ పలకను దాటేయబోయింది. తొమ్మిదేళ్ల క్రిస్టీ మాత్రం కదల్లేదు. వాళ్లమ్మ పోయి రెండు నెలలైంది.

"ఆంటీ, చనిపోయినవాళ్లకి దాహం వేస్తుందా? మమ్మీ లాస్ట్‌లో వాటర్ అడిగింది. ఎవరూ ఇవ్వలేదు."

"పర్సిస్‌గారూ, పదండి" అన్నాడు దేవకుమార్, గొంతు పెంచి.

మింగలేని మనిషికి నీళ్లెందుకివ్వరో ఆమెకు తెలుసు. పిల్లకు కావలసింది అది కాదు. ఈ బొమ్మ కథ చెబితే, పన్నెండేళ్లుగా చెబుతున్న సండే స్కూల్ క్లాసు పోతుందనీ తెలుసు. క్రిస్టీ ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"ఈజిప్టువాళ్లది ఎడారమ్మా. ఇసుక అంచున ఈ చెట్టే నీడనిచ్చేది. పోయినవాళ్లు దాహంతో ఉండకూడదని, బతికున్నవాళ్లూ నీలాగే దిగులుపడి ఈ బొమ్మ గీసుకున్నారు. మమ్మీకి ఇప్పుడు దాహం లేదు తల్లీ."

మరునాడు ఆమె క్లాసును ఇంకొకరికి ఇచ్చారు. పర్సిస్ చర్చిలో వెనక వరసలో కూర్చుంది. పాట మధ్యలో క్రిస్టీ క్లాసులోంచి లేచొచ్చి, ఆమె పక్కన ఒదిగి కూర్చుంది.