సీ సెక్షన్ లెక్కల సార్

మొన్న శనివారం పొద్దున ఫోన్ వచ్చింది, మా లెక్కల సార్ పోయారని. గుండెపోటట. దిల్‌సుఖ్‌నగర్‌లో మా హైస్కూలు స్టాఫ్ రూమ్‌లో ఏళ్ల తరబడి పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు రాయడం ఆనవాయితీ. నేను మాత్రం ముందు నా తప్పు చెప్పుకోవాలి. లేకపోతే ఆ నాలుగు మాటలకు నా నోరు పెగలదు.

సార్‌ది నల్గొండ దగ్గర పల్లెటూరు. జవాబు చెప్పిన పిల్లల్ని వెంటనే మెచ్చుకునేవారు కాదు. "ఎట్లొచ్చింది? గది చెప్పు" అనేవారు. జవాబు తప్పైనా ఆలోచన బాగుంటే, "తొవ్వ మంచిగుంది బిడ్డా, ఊరే తప్పింది" అని నవ్వేవారు. జేబులో సుద్దముక్కలు మరిచిపోయి ఇంటికెళ్లి, చొక్కాలు ఉతికే ఆవిడ చేత రోజూ చీవాట్లు తినేవారు.

నేను ఎనిమిదో తరగతి ఇన్‌ఛార్జ్‌ని. మా బళ్లో ప్రతి సోమవారం పొద్దున ఎనిమిదింటికి టెస్టు. మొదటి నలభై మందీ టాలెంట్ బ్యాచ్. వాళ్లకు వేరే క్లాసు, వేరే పుస్తకాలు, ఒలింపియాడ్ శిక్షణ. అందరికంటే వెనకబడ్డవాళ్లు సీ సెక్షన్. అది సార్‌ది.

ఒకరోజు ఆయన ఒక అమ్మాయి టెస్టు పేపర్లు నాలుగు నా టేబుల్ మీద పరిచారు.

"జర చూడుండ్రి సార్. రాసినకాడికి ఒక్క తప్పు లేదు. ఆఖరి పది లెక్కలు ముట్టనే లేదు. నాలుగు వారాల సంది గిదే కథ."

"చదవలేదేమో మాస్టారూ."

"చదువక కాదు, బస్సు అందక. బాటసింగారం నుంచి ఒస్తది. ఎల్బీ నగర్‌ల దిగి ఇంకో బస్సు పట్టాలె. ఇరవై నిమిషాలు లేటు. గా ఇరవై నిమిషాలు ఇయ్యుండ్రి, టాలెంట్ బ్యాచ్‌ల ముందు వరసల కూసుంటది."

పేపర్లు చూశాను. ఏడో లెక్క ఆ పిల్ల చేసిన పద్ధతి మేం చెప్పింది కాదు. మాకంటే రెండు మెట్లు తక్కువలో తేల్చేసింది. ఆ పిల్ల ఏమిటో నాకు అక్కడే తెలిసిపోయింది. తెలిసీ, "ఒకరికిస్తే అందరూ అడుగుతారు. రూల్ రూలే" అన్నాను. ఆ పిల్ల పైకొస్తే జాబితాలో నలభయ్యో పేరు కిందికి పోవాలి. అది మా అమ్మాయిది. జాబితా స్టాఫ్ రూమ్ గోడ మీదే ఉండేది. సార్ ఆ ఊసు ఒక్కసారైనా ఎత్తలేదు.

మధ్యాహ్నాలు టిఫిన్ డబ్బా పట్టుకుని మెట్ల మీద ఆ పిల్ల పక్కన కూర్చుని, టాలెంట్ బ్యాచ్ లెక్కలు నేర్పడం మొదలుపెట్టారు. నేను అదీ ఆపించాను. బ్యాచ్ పుస్తకాలు బయటి పిల్లలకు చెప్పకూడదని సర్క్యులర్ రాసి, మొదటి సంతకం ఆయన చేతే పెట్టించాను. పెన్ను మూత పెడుతూ, "పిల్లలను ఎతుకుడు మన పని సార్, వడపోసుడు కాదు" అన్నారు. అంతే. మర్నాడు మళ్లీ నా పక్కన కూర్చుని, ఎప్పటిలాగే తన పచ్చిపులుసులో సగం నా గిన్నెలో పోశారు. నేను సిగ్గు లేకుండా తిన్నాను.

తొమ్మిదో తరగతి కాగానే ఆ పిల్ల బడి మానేసింది. మా అమ్మాయి ఆ బ్యాచ్‌లో రెండేళ్లు ఏడ్చి, ఇక లెక్కల ముఖం చూడనంది. గడ్డివాము దగ్గర కుక్కలా ఆ సీటుకు కాపలా కాశాను నేను.

శనివారం ఎల్బీ నగర్‌లో ఆయన ఇంటికి వెళ్లాను. పాడె లేచాక, శ్మశానందాకా వెళ్లే ధైర్యం లేక, మోకాళ్ల నొప్పుల సాకుతో గేటు దగ్గరే నిలబడిపోయాను. అప్పుడు ఒకామె పూలదండ పట్టుకుని వీధి మలుపు నుంచి పరుగున వచ్చింది. నన్ను చూసి టక్కున ఆగింది. తల వంచుకుంది.

"నమస్తే సార్. బస్సు దొరకలే సార్, లేటయింది. సార్‌ను తీస్కపోయిన్రా?"

ఆ గొంతు విన్నాకే పోల్చుకున్నాను. పాతికేళ్లు దాటిన మనిషి. గేటు బార్లా తెరిచే ఉంది. నేను రమ్మనేదాకా ఆమె లోపలికి అడుగు పెట్టలేదు.