ముందుమాటలో నా పేరుందని

మనిషి పరువు పోవడానికి ఎంతసేపు పడుతుందో మీరెప్పుడైనా ఆలోచించారా? నాది పోవడానికి ఒక కప్పు చాయ్ తాగేంతసేపు పట్టింది. ఆ చాయ్ తాగింది కూడా నేను కాదు. ఎలా పోయిందో మొదటినుంచీ చెబుతాను, నవ్వడం మాత్రం చివరిదాకా ఆపుకోండి.

మేడ్చల్ హైవే పక్కన ఒక డిగ్రీ కాలేజీలో నేను సోషియాలజీ లెక్చరర్‌గా చేరిన కొత్త. డిపార్ట్‌మెంట్‌లో నేనొక్కణ్ణే. హెడ్డునూ నేనే, నా మీద నాకే ఫిర్యాదు చేసుకోవాల్సిన జూనియర్నీ నేనే. ఒకరోజు ప్రిన్సిపాల్ గారు నా బల్ల మీద ఐదు పుస్తకాలు పెట్టించారు.

"ఫస్టియర్ పిల్లలకు ఒక టెక్స్ట్‌బుక్ తేల్చాలె శ్రీధర్. వారం టైమిస్తున్న. అన్నీ మంచిగ చదువు. మన దగ్గరికొచ్చేటోళ్లు ఇంట్ల మొదటిసారి కాలేజీ మొఖం జూసినోళ్లు. ఇంకో బుక్కు కొనుక్కోరు. గదొక్కటే వాళ్లకు దిక్కు."

వారమెందుకండీ, నేను పది నిమిషాల్లో తేల్చేశాను. మొదటిది మరీ లావు. రెండోది మరీ సన్నం. మూడోదాని అట్ట రంగు నాకు నచ్చలేదు. నాలుగోది యూనివర్సిటీలో నాకు పాఠం చెప్పిన గురువుగారు రాసింది. అలవాటుగా ముందుమాట తిప్పితే చివరి పేరాలో ఈ వాక్యం కనబడింది: "రామాపురం గ్రామ అధ్యయనంలో ఎంతో శ్రమకోర్చి ఇల్లిల్లూ తిరిగిన నా శిష్యుడు శ్రీధర్‌కు ఆశీస్సులు."

అచ్చులో నా పేరు! పెళ్లి శుభలేఖలో తప్ప అంతకుముందు నా పేరు ఎక్కడా అచ్చు కాలేదు. ఆ వాక్యం పదకొండుసార్లు చదివాను. కెమిస్ట్రీ ఆయనకు చూపించాను, లైబ్రేరియన్‌కు చూపించాను, జిరాక్స్ తీయించి ఇంట్లో బీరువాలో పెట్టాను. ఆ తర్వాతి పేజీ మాత్రం తిప్పలేదు. ఐదో పుస్తకం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

"గ్రామీణ జీవితాన్ని ఇంత లోతుగా పరిశీలించిన గ్రంథం మరొకటి లేదు," అని గంభీరంగా రిపోర్టు రాసిచ్చాను. అరవై కాపీలు వచ్చాయి.

ఆ "ఎంతో శ్రమ" సంగతి కూడా మీకు చెప్పేయాలి. ఎమ్మే చదివేటప్పుడు గురువుగారు నాకు నలభై ఫారాలు ఇచ్చి, శామీర్‌పేట వైపు ఒక ఊరికి పంపారు. ఇంటికొక ఫారం చొప్పున నింపాలి. దేవరయాంజాల్ దాటి ఆ ఊళ్లో బస్సు దిగేసరికి ఎండ నెత్తిని మాడుస్తోంది. ఎదురుగా చాయ్ హోటల్. దాని యజమాని మల్లేశ్ నా చేతిలో కాగితాలు చూసి జాలిపడ్డాడు.

"గీ ఎండల ఏడ తిరుగుతవ్ సారూ? గిట్ల ఫ్యాన్ కింద కూసో. మా ఊరి సంగతి నాకన్న ఎవలకెరుక?"

కూర్చున్నాను. నలభై ఇళ్ల సంగతీ ఆయనే చెప్పాడు, నలభై ఫారాలూ నేనే నింపాను. మధ్యలో రెండు ప్లేట్ల మిర్చి బజ్జీలు తిన్నాను. మూడు గంటల బస్సుకు తిరిగొచ్చేశాను. మా శాస్త్రంలో ఒక మర్యాద ఉంది. ఏ ఊరిని పరిశీలించినా దాని అసలు పేరు బయటపెట్టం, మారుపేరు పెడతాం. గురువుగారు ఈ ఊరికి రామాపురం అని పేరు పెట్టారు. ఊరి పేరే లేనప్పుడు నన్ను పట్టుకునేదెవరు అని నా ధీమా.

ఇంటర్నల్ పరీక్షలో ఒక ప్రశ్న ఇచ్చాను. రామాపురంలో స్త్రీల రాజకీయ భాగస్వామ్యాన్ని వివరించండి. పుస్తకంలో జవాబు స్పష్టంగా ఉంది: "రామాపురం స్త్రీలు పంచాయతీ వ్యవహారాలకు దూరం. ముస్లిం స్త్రీలు అసలు గడప దాటరు." అందరూ అదే రాశారు. రజియా అనే అమ్మాయి మాత్రం వాళ్ల దాదీ, అంటే నాయనమ్మ, సర్పంచ్‌గా ఉండి ఊరికి నీళ్ల ట్యాంకు ఎలా తెచ్చిందో రెండు పేజీలు రాసింది. ఎర్ర సిరాతో సున్నా పెట్టాను. కింద "సొంత కథలు వద్దు, పుస్తకంలో ఉన్నది రాయాలి" అని హితవు కూడా చెప్పాను.

రజియా పేపర్ పట్టుకుని వచ్చింది.

"సార్, రామాపురం అంటే మా ఊరే సార్."

"అలాంటి ఊరు ఎక్కడా లేదమ్మా. అది మారుపేరు."

"బడి, పశువుల దవాఖాన ఒకటే గోడ లోపలున్నయని బుక్కుల రాసిండ్రు. గట్లున్న ఊరు ఈ సుట్టుపక్కల మాదొక్కటే సార్."

ఆ ఊళ్లో నేను నా కళ్లతో చూసింది అదొక్కటే. హోటల్‌కు ఎదురుగా ఉండబట్టి కనబడింది.

బుద్ధున్నవాడు అక్కడే ఒప్పుకునేవాడు. నేను లెక్చరర్ని కదా! "శాస్త్రం వేరు, మీ ఇంటి సంగతి వేరు," అన్నాను.

"ఈ మార్కులు రాకుంటే ఫెయిలైత సార్. ఫెయిలైతే కాలేజీ బంద్ జేపిస్తనని మా అబ్బాజాన్ ముందే అన్నడు."

"అయితే పుస్తకం శ్రద్ధగా చదవాల్సింది," అన్నాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది.

మర్నాడు పొద్దున ప్రిన్సిపాల్ గారు పిలిపించారు. ఆయన ఎదురు కుర్చీలో, కొంగు తల మీదుగా కప్పుకున్న పెద్దావిడ సాసర్‌లో చాయ్ పోసుకుని తాగుతోంది. వెనక రజియా నిలబడి ఉంది.

"సలాం సారూ," అంది పెద్దావిడ. "నేను గడప దాటలేదని రాసి ఉన్నదట. మరి గీడికెట్లొచ్చిన?"

"అది పుస్తకంలో ఉందమ్మా, నేను రాసింది కాదు..."

ప్రిన్సిపాల్ గారు ముందుమాట తెరిచి పైకి చదివారు. "'ఎంతో శ్రమకోర్చి ఇల్లిల్లూ తిరిగిన శ్రీధర్.' గీ శ్రీధర్ నువ్వేనా?"

"నేనేనండి."

"మా ఇంటికైతే రాలె బేటా," అంది దాదీ. "ఎవలింటికి వోయినవ్?"

నేను ఫ్యాన్ వైపు చూశాను.

"మల్లేశ్ హోటల్ల గూసున్నవ్. ఔనా, కాదా?"

"మీకెలా తెలుసమ్మా?"

"ఊర్లెకు ఎవలొచ్చినా ఆడనే ఆగుతరు. నువ్వొచ్చిన యేడు సర్పంచ్ కుర్చీల నేనే ఉన్న. నా మీద నిలబడి ఓడిపోయింది మల్లేశే!"

సాసర్‌లో మిగిలిన చాయ్ ఒక్క గుక్కలో తాగేసింది. ప్రిన్సిపాల్ గారు నవ్వలేక, తిట్టలేక కాసేపు దగ్గారు. "పిల్ల మార్కుల సంగతేందయ్యా? ఆడ దాని చదువు ఆగిపోతాంది," అన్నారు చివరికి.

"ఇప్పుడే వేసేస్తానండి," అని జేబులోంచి పెన్ను లాగాను.

"ఆగు," అంది దాదీ. "ఊకె ఏస్తే ఖైరాత్ అయితది, బిచ్చమేసినట్టు. మా పిల్లకు ఖైరాత్ వద్దు. ఊర్లెకొచ్చి సూడు. అది రాసింది నిజమైతేనే ఎయ్యి."

ఆదివారం నలభై ఫారాలతో మళ్లీ వెళ్లాను. ముందు రజియా, మధ్యలో నేను, వెనక చేతికర్రతో దాదీ. నీళ్ల ట్యాంకు చూశాను, దాని మీద ఆమె పేరు చూశాను. ముప్పై తొమ్మిది ఇళ్లు తిరిగేసరికి సాయంత్రమైంది, నా చెప్పు తెగింది. మిగిలింది మల్లేశ్ హోటల్.

"ఇది వదిలేద్దామమ్మా," అన్నాను.

"ఎందుకిడుస్తవ్? ఆయనది గూడ గీ ఊరే గదా. అడుగు."

అడిగాను. "మల్లేశ్ గారూ, మీ ఊళ్లో ఆడవాళ్లు పంచాయతీ వ్యవహారాల్లో పాల్గొంటారా?"

మల్లేశ్ నా వైపు చూశాడు. నా వెనకున్న చేతికర్ర వైపు చూశాడు.

"గదేం మాట సారూ! మస్తు పాల్గొంటరు. అన్నీ వాళ్లే జేస్తరు. మేం ఊకెనే కూసుంటం."

దాదీ పకపకా నవ్వింది. "సూసినవా? పక్కన ఎవలున్నరో సూసి మాట మారుతది. గీ ముచ్చట ఉన్నదా నీ బుక్కుల?"

"లేదమ్మా."

"మరేం బుక్కు తెచ్చినవయ్యా పిల్లలకు?"

రజియాకు పూర్తి మార్కులు వేశాను. ఇప్పుడా అమ్మాయి ఇదే సోషియాలజీలో ఎమ్మే చేస్తోంది. ఇక నా ప్రతిజ్ఞ వినండి. నాకు తెలిసిన దేవుళ్లందరి సాక్షిగా, రజియా వాళ్ల దాదీకి కనీసం ఒక అధ్యాయం చదివి వినిపించకుండా ఇక ఏ పాఠ్యపుస్తకం మీదా సంతకం పెట్టను. ఇప్పటికే ఆమె మూడు పుస్తకాలు తిప్పికొట్టింది.