అనిత తండ్రికి నేను చూపిన వీడియో

ఇది ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, అన్నకు చెప్పలేదు. ఏళ్ల తరబడి గుండె మీద బండలా మోస్తున్నాను. దీంతోనే తిన్నాను, దీంతోనే పడుకున్నాను, వేదిక మీద నవ్వాల్సిన చోట దీన్ని లోపల పెట్టుకునే నవ్వాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను ఒకప్పుడు బ్యాలే నర్తకిని. బాన్సువాడ ఎక్కడ, బ్యాలే ఎక్కడ అని ముంబైలో అందరూ అడిగేవారు. అంతా మా మేడమ్ వల్ల. ఆమె భర్త రుద్రూర్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసేవారు. పెళ్లికి ముందు కలకత్తాలో బ్యాలే నేర్చుకున్న ఆమె, బాన్సువాడలో కిరాయికి తీసుకున్న ఇంటి మేడ మీద, పట్టుకుని సాధన చేయడానికి గోడకు ఒక నీళ్ల పైపు బిగించి మాకు నేర్పడం మొదలుపెట్టింది. మొదట చాలామందే వచ్చారు. కాలివేళ్లు చిట్లి నెత్తురు కారడం మొదలయ్యాక ఇద్దరమే మిగిలాం. నేను, అనిత.

మాది నస్రుల్లాబాద్ దగ్గర వరి, చెరకు పండించే ఇల్లు. అనితది మా ఊరి పక్క తండా. వాళ్ల నాయిన లక్ష్మణ్ మా పొలంలో పనికి వచ్చేవాడు. నేను కాకా అని పిలిచేదాన్ని. అనిత బాన్సువాడలో హాస్టల్లో ఉండి చదువుకునేది. బ్యాలేకు ముందు భాగం గట్టిగా ఉండే బూట్లు కావాలి, వాటితో వేళ్ల కొసల మీద నిలబడాలి. నేను వాడి వదిలేసినవి అనిత వేసుకునేది. నేను నిలబడితే మేడమ్ నా నడుము సర్దేది, మోకాలు సర్దేది, గడ్డం పైకెత్తేది. అనిత నిలబడితే సర్దడానికి ఏమీ లేక ఊరికే చూస్తూ ఉండిపోయేది.

నాలో అసూయ అప్పుడే మొదలైందా? అప్పుడు దానికి ఆ పేరు పెట్టుకోలేదు. అనిత అంటే నాకు ప్రాణం కూడా. రెండూ ఒక్క మనిషిలో ఎలా పట్టాయో ఇప్పటికీ అర్థం కాదు.

ఇంటర్ రెండో ఏడు ముంబై నుంచి ఒక బ్యాలే పాఠశాల వాళ్లు పిల్లల్ని ఎంచుకోవడానికి హైదరాబాద్ వచ్చారు. మా పాదాలు చేతుల్లోకి తీసుకుని వంచి చూశారు. ఎంపికైతే తిండి, ఉండడం, శిక్షణ అన్నీ వాళ్లవే. తర్వాత వాళ్ల బృందంలోనే ఉద్యోగం. ఉన్నది ఒక్కటే చోటు. అది అనితకు వచ్చింది. ఆమె వెళ్లకపోతే నన్ను తీసుకుంటారని మేడమ్ చెప్పింది. చెప్పకపోయి ఉంటే బాగుండేది. కాదు, తప్పు ఆమె మీదికి నెట్టను.

లక్ష్మణ్ కాకా అప్పటికి ఒప్పుకున్నాడు. బడిలో జెండా పండుగకు ఆడే ఆటలాంటిదే అనుకున్నాడు పాపం. నేను ఒక మధ్యాహ్నం తండాకు వెళ్లాను. ఆయన రోడ్డు మీద ఆరబోసిన వడ్లను కాలితో తిరగేస్తున్నాడు. అనిత హాస్టల్లో ఉందని నాకు తెలుసు. తెలిసే వెళ్లాను. ఫోన్ తీసి ఒక వీడియో పెట్టి ఆయన చేతికిచ్చాను. ఒంటికి అతుక్కున్న బట్టల్లో ఒక అమ్మాయి, ఆమెను తొడ దగ్గర పట్టుకుని తలపైకి ఎత్తిన ఒక మగవాడు.

"ఏంది బిడ్డా గిది?" అన్నాడు.

"అనిత నేర్సుకునేది గిదే కాకా. ముంబైల గిట్లనే ఎత్తుకుంటరు."

"అందరి ముంగటనా?"

"అందరి ముంగటనే."

ఆయన చాలాసేపు తెరవైపు చూశాడు. రోడ్డు పక్కనే ఉన్న ఇంటి గడప దగ్గర కూర్చున్న భార్యతో వాళ్ల భాషలో ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు. తర్వాత ఫోన్ నా చేతికిస్తూ అడిగాడు.

"నువ్వైతే పోతవా బిడ్డా?"

"నేనైతే పోను కాకా."

చాలాకాలం నన్ను నేను ఇలా సమర్థించుకున్నాను: నేను అబద్ధం ఏం చూపాను? బ్యాలే అంటే అదే కదా, ఈరోజు కాకపోతే రేపు తెలిసేదే కదా. కానీ ఆ చివరి మాట? ఆయన నన్ను నమ్మి అడిగాడు. తన బిడ్డతోపాటు పెరిగిన పిల్లననుకుని అడిగాడు.

వారం తిరక్కుండా అనితను హాస్టల్ నుంచి తీసుకుపోయారు. మేడమ్ వెళ్లి బతిమాలినా వినలేదు. నేను ముంబై బయలుదేరిన రోజు లక్ష్మణ్ కాకా మా పొలం గట్టు మీద ఉన్నాడు. నా పెట్టె కారులోకి ఎక్కడం చూశాడు. చేతిలోని పార కింద పెట్టి, కారు కదిలేదాకా అలాగే నిలబడ్డాడు.

ముంబైలో ఏళ్ల తరబడి వెనక వరుసలోనే ఆడాను. ముందు వరుసకు ఎప్పుడూ రాలేదు. అనిత అయితే వచ్చేది. ఆ మాట అక్కడ నాకు తప్ప ఎవరికీ తెలియదు. మోకాలు పోయాక తిరిగొచ్చి ఇప్పుడు బాన్సువాడలో చిన్నపిల్లలకు నేర్పుతున్నాను.

అనితకు ఆ ఏడే డోంగ్లి వైపు పెళ్లి చేశారు. ఏటా చెరకు కొట్టడానికి మహారాష్ట్ర పోయేవాళ్లట. మొదటి కాన్పు చెరకు తోటలోనే అయిందట. బిడ్డ దక్కలేదట.

మొన్న లక్ష్మణ్ కాకా పోయాడు. కర్మకాండ అయ్యాక అనిత నన్ను వెతుక్కుంటూ వచ్చింది. క్లాసులో పిల్లలు సాధన చేస్తుంటే గుమ్మంలోనే నిలబడి చూసింది. వీపు ఇప్పటికీ నిటారుగానే ఉంది.

"గా వీడియో ఎవరు చూపెట్టిండ్రో నాయిన సచ్చేదాంక చెప్పలే. నీకేమన్న ఎరుకనా?" అంది.

"ఎరుకలేదు," అన్నాను.

"పోనీ తీ. నువ్వన్న పోయినవ్. గంతే చాలు," అని నా చేయి పట్టుకుంది. ఆమె అరచేయి బొబ్బలెక్కి గట్టిపడిపోయి ఉంది.

ఆయన ఎందుకు చెప్పలేదు? మా పొలంలో పని పోతుందనా? నా మీద జాలితోనా? బిడ్డకు ఒక స్నేహితురాలైనా మిగలాలనా? అడగడానికి ఇక ఆయన లేడు.

అనితకు చెప్తానా? చెప్తానని మీకు మాట ఇవ్వలేను. మొన్న గుమ్మంలో అడిగినప్పుడే చెప్పలేకపోయినదాన్ని. కానీ ఇంతవరకు నాలో నేను కూడా పూర్తిగా అనుకోని మాట ఇక్కడ రాస్తున్నాను. వీడియో చూపింది నేను. అనిత పోకూడదని చూపాను. ఆమె చోటు నాకు కావాలని చూపాను.

రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. క్షమించమని అడగడం లేదు. అడగాల్సింది మిమ్మల్ని కాదు.