బద్లీ ప్యాకేజీ

మా ఆఫీసు కాల్హేర్‌లో ఒక గోదాం పైన ఉన్న రెండు గదులు. మరమగ్గం ఎన్నిసార్లు ఆగిందో లెక్కపెట్టే చిన్న డబ్బా తయారుచేస్తాం. అందులో అరచేతిలో పట్టే బోర్డు, లెక్క చూపే చిన్న తెర, బోర్డును నడిపే లినక్స్ సాఫ్ట్‌వేర్ ఉంటాయి. ఆ లినక్స్‌ను ముక్కలు ముక్కలుగా తెచ్చి ఒక్కటిగా కూర్చడం, అంటే బిల్డ్ చేయడం, నా పని. ఒక్కో ముక్కను ప్యాకేజీ అంటారు. ప్రతి ప్యాకేజీకి ఒక పేరుండాలి.

చేరిన రోజే మేనేజర్ గారు పేర్ల నియమాలు చెప్పారు. అన్నీ చిన్న అక్షరాలే. మాటకూ మాటకూ మధ్య హైఫన్. అండర్‌స్కోర్ తర్వాత వెర్షన్ నంబరు. పేరు చూడగానే ఆ ముక్క ఏం చేస్తుందో తెలియాలి. సందేహాలుంటే అడగమన్నారు. లేవన్నాను. నా సందేహాలు డైరీలో రాసుకుంటాను. అక్కడ వాటికి జవాబు చెప్పేవాళ్లు లేరు.

మొదటి డబ్బాను నాగావ్‌లో మా మామ పనిచేసే సేటు కార్ఖానాలో పెట్టాం. మామ అంటే అమ్మ తమ్ముడు. ఆయన నడిపే నాలుగు మగ్గాలకే దాన్ని బిగించారు.

వారం తర్వాత మామ మా ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నీ డబ్బా ఏం చెప్తుందో ఎర్కేనా? పది నిమిషాలకోపారి నా మగ్గాలు ఆగుతున్నయట."

"ఆగుతలేవా మామా?"

"దారం తెగితే నాకు తెల్వదా? సేటు డబ్బా మాటనే నమ్ముతుండు. ఎల్లుండి సంది రెండు మగ్గాలు వేరేటోనికి ఇస్తడట."

"దీని లెక్కనే దీని డబ్బాకు గూడ నోరు లేదనుకున్న," అంది అమ్మ.

"నోరున్నది అక్కా. చాడీలు చెప్పనీకి."

పది నిమిషాలు అనగానే నాకు విషయం అర్థమైంది. తెర సరిగ్గా వెలుగుతుందో లేదో చూడడానికి ఒక ఉత్తుత్తి ప్యాకేజీ రాశాను. మగ్గం ఆగినా ఆగకపోయినా పది నిమిషాలకోసారి ఆగిందని చెప్పడమే దాని పని. దానికి, నిజంగా లెక్కపెట్టే అసలు ప్యాకేజీ పేరే పెట్టాను.

నేను పెరిగిన చోట బద్లీకి, అంటే ఒకరి బదులు పనిలో నిలబడేవాడికి, వేరే పేరు పెట్టరు. మామ ఊరికి పోతే ఆయన మగ్గాల దగ్గర ఇంకొకరు నిలబడతారు. నెల గడిచినా అవి మామ మగ్గాలే, బట్ట మీద కట్టే చీటీలో మామ పేరే. మామ రాగానే బద్లీ వెళ్లిపోతాడు. నా బద్లీ తనంతట తాను వెళ్లదని నాకు తెలుసు. తీసేయాలని డైరీలో రాసుకున్నాను. రాశాక, తీసేసినట్టే అనిపించింది.

బిల్డ్‌లో ఫైళ్లు లేయర్లుగా ఉంటాయి. రెండు లేయర్లలో ఒకే పేరుతో రెండు ప్యాకేజీలుంటే బిల్డ్ గొడవ చేయదు. పై లేయర్‌లోదాన్ని తీసుకుని ముందుకు పోతుంది. నా ఉత్తుత్తిది పై లేయర్‌లో ఉంది. డబ్బాలోకి అదే ఎక్కింది.

మర్నాడు ఆఫీసులో మేనేజర్ గారికి చెప్పాను. ఆయన సేటుకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడి, చివరికి నన్నే వెళ్లమన్నారు.

కార్ఖానాలో నడుస్తున్న మగ్గాల మధ్య నా మాట నాకే వినపడలేదు. మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ సేటు చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. నాలుగోసారి అరిచాను.

"తప్పు నాది సేటూ! మామది కాదు!"

నేను అరవడం అంతవరకు ఎవరూ వినలేదు, నేను కూడా. పక్కన నేస్తున్నాయన తన మగ్గాలు ఆపేశాడు.

"ఏం తప్పు?" అన్నాడు సేటు.

"అసలు ప్యాకేజీ జాగల బద్లీని పెట్టిన. దానికి వేరే పేరు పెట్టలే. అబద్ధం చెప్పింది బద్లీ."

సేటు కూడా ఒకప్పుడు మగ్గం నడిపినవాడే. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"అంటే బద్లీ చేసిందంత అసలోని పేరు మీద పడ్డది."

"అవు సేటూ."

"గట్ల చెప్పు. మీ మేనేజరు పొద్దున గంట సేపు చెప్పిండు. ఒక్క ముక్క సమజ్ కాలే."

సరిచేసిన బిల్డ్‌ను డబ్బాలో ఎక్కించాను. సేటు, మామ, నేను సాయంత్రం దాకా తెర ముందే నిలబడ్డాం. దారం మూడుసార్లు తెగింది. తెర మూడే చూపించింది. మామ వేళ్లు కూడా మూడే చూపించాయి.

"నాలుగు నువ్వే నడుపుకో," అని సేటు వెళ్లిపోయాడు.

మామ నన్ను రిక్షా దాకా దిగబెట్టాడు.

"అండ్ల ఇంకెవరన్న బద్లీలు ఉన్నరా?"

"లేరు మామా."

"ఒకపారి చూడు."

ఆఫీసుకు తిరిగొచ్చి చూశాను. ఇంకొకటి ఉంది, డబ్బా మీది దీపం వెలుగుతుందో లేదో చూడడానికి అసలుదాని పేరుతోనే రాసింది. దానికి వేరే పేరు పెట్టి ఇంటికి వెళ్లాను.