గాలి రాకుండా మూసిన గది

చలి ముదరకముందే మా రేకుల గదిలో సందులన్నీ మూసేయాలని పోయిన ఆదివారం పనికి దిగాను. ఇంట్లో నెల నిండని పాప ఉంది. రేకుల కింద, వెంటిలేటర్‌లో థర్మాకోల్ ముక్కలు కుక్కి, తలుపు కింద గోనెసంచి పెట్టాను. గది వెచ్చబడితే ఏదో ఘనకార్యం చేసినట్టు మురిసిపోయాను.

ఈ రోజు మధ్యాహ్నం పటాన్‌చెరులో డ్యూటీ దిగి వచ్చి తలుపు తడితే ఎవరూ పలకలేదు. తోసుకుని లోపలికి వెళ్లాను. మా అత్తమ్మ గోడకు ఒరిగి ఉంది. "తల తిరుగుతుంది బిడ్డా, లేవొస్తలేదు" అంది. పాపకు స్నానం చేయించి, వెచ్చగా ఉంటుందని బొగ్గుల కుంపటి లోపలే పెట్టిందట. పక్కన నా భార్య, పాప కదలకుండా పడుకుని ఉన్నారు.

ముగ్గురినీ బయటికి ఎలా తెచ్చానో గుర్తు లేదు. వాకిట్లో పాప ఏడ్చేదాకా దాని వీపు రుద్దుతూనే ఉన్నాను.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. బొగ్గుల నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదని డాక్టరమ్మ చెప్పింది. "గదిలో గాలి పోయే సందు లేదా?" అని అడిగింది.

"కుంపటి నేనే పెట్టిన మేడమ్, తప్పు నాదే" అంది అత్తమ్మ.

"సందులు మూసింది నేను కద అత్తమ్మా" అన్నాను.

ముగ్గురికీ ప్రమాదం తప్పిందట. రేపటిదాకా ఇక్కడే ఉంచుతారు. ఇది రాస్తూనే నాలుగుసార్లు లేచి పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. మీ ఇళ్లలో కుంపటి ఎక్కడ పెడతారో చెప్పండి. ఇప్పుడే వార్డు కిటికీలోంచి చలిగాలి కొట్టింది. మూయబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.