అందరి చేతులకూ తిరిగిన బీపీ మిషన్

ఏడో నెలలో డాక్టరమ్మ బీపీ మాత్రలు రాసి, ఇంట్లో మిషన్ పెట్టుకుని పొద్దునా సాయంత్రం చూసుకోమంది. బీపీ పెరిగితే కడుపులో బిడ్డకు ప్రమాదమని, తల నొప్పి లేచినా కళ్లు మసకబారినా వెంటనే రమ్మని చెప్పింది. మా ఆయన ఆ సాయంత్రమే మిషన్ తెచ్చాడు. మర్నాటి నుంచే అది నాది కాకుండా పోయింది.

బతుకుదెరువుకు వచ్చిన ఈ బమ్రోలిలో మా బిల్డింగంతా మా వైపువాళ్లే, సాంచెల మీద బట్ట నేసేవాళ్లే. షిఫ్టు దిగినవాళ్లు దిగినట్టే వచ్చి మా ఇంట్లో చెయ్యి చాపేవాళ్లు.

"నాకు నూట నలభై. నీకెంత రా?"

"నూట ముప్పై. నువ్వే గెలిచినవ్, చాయ్ తాపియ్యి."

ఇవ్వొద్దని అత్తమ్మకు చెబితే, "చూస్కుంటే అరిగిపోతదా బిడ్డా? నలుగురితోని మంచిగుండాలె" అనేది. నేను పక్కన కూర్చుని నా వంతు కోసం ఎదురుచూసేదాన్ని.

ఒక పొద్దున తల పగిలిపోసాగింది. కిటికీ ఊచలు రెండేసిగా కనిపించాయి. మిషన్ పట్టీ చేతికి చుడితే నిలవలేదు. షిఫ్టు దిగి వచ్చేవాళ్ల చొక్కాల మీది దారపు నూగంతా పట్టీని అతికించే వెల్క్రోలో ఇరుక్కుపోయింది. అత్తమ్మ రెండు చేతులా అదిమి పట్టుకున్నా మిషన్ ఎర్రర్ అనే చూపించింది.

"నిన్న మంచిగనే ఉండె. మిషన్‌కే బీపీ వచ్చినట్టుంది. జర పండుకో, తగ్గుతది" అంది అత్తమ్మ.

అంకె కనబడితే తప్ప ఆ ఇంట్లో ఎవరూ కదలరు. పిన్నీసుతో నూగు పీకడం మొదలుపెట్టాను. పీకేకొద్దీ వస్తూనే ఉంది. చివరికి పిన్నీసు విసిరికొట్టి మా ఆయనకు ఫోన్ చేశాను. అతను సాంచె ఆపి ఆటో తెచ్చాడు.

డాక్టరమ్మ చూస్తే నూట డెబ్బై. "ఘర్ పే దేఖా నహీ?" అంటూ, ఇంట్లో చూసుకోలేదేమని అరిచింది. అత్తమ్మ ఫ్యాను వైపు చూసింది. ఆ రోజే ఆపరేషన్ చేశారు. నెలలు నిండని బిడ్డను అద్దాల పెట్టెలో పెట్టారు. ఇప్పుడు బాగానే ఉంది, నా పక్కనే నిద్రపోతోంది.

నా బీపీ మాత్రం ఇంకా దిగలేదు. కాన్పయ్యాక కూడా చూసుకుంటూనే ఉండాలట. మిషన్‌కు కొత్త పట్టీ వేయించాం. ఈ సాయంత్రం మా మామ అన్నగారు వచ్చి చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"జర మిషన్ తియ్యి బిడ్డా."

"ఇయ్య పెద్దమామా. మీరు దవాఖానకు పోయి చూపిచ్చుకోండ్రి."

అత్తమ్మ చేతిలో గిన్నె ఠంగున కింద పెట్టింది. "పిల్లను కనంగనే నోరు లేచింది!"

పెద్దమామ చొక్కా చెయ్యి కిందికి దించుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. తర్వాత ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. అన్నం సహించలేదు. మాత్ర వేసుకోవాలి కాబట్టి తిన్నాను.