చార్టులో లేని భోజనం

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ కొత్తగా తెరిచిన రోజులు. ఆ దగ్గర్లోనే ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో నేను డైటీషియన్‌ని. షుగర్ పేషెంట్లకి ఏం తినాలో చెప్పడం నా పని. చెప్పడమంటే, పైనుంచి వచ్చిన చార్టు చదవడమే. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం కొలిచిన అన్నం, సాయంత్రం బిస్కెట్లు, రాత్రి చపాతీలు. నెయ్యి వద్దు, పచ్చసొన వద్దు.

మియాపూర్ నుంచి ఒక టీచరుగారు వచ్చేవారు. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. క్రిస్మస్‌కి ఇంట్లో చేసిన కేకు కూడా ముట్టలేదట. అయినా ఎప్పుడొచ్చినా షుగర్ ఎక్కువే.

"మీరు చెప్పినట్టే తింటున్న మేడం. దొంగతనంగ తింటున్న అని మా ఇంట్ల అంటున్రు. మీరు గూడ గట్లనే అనుకుంటున్రా?" అని ఒకరోజు ఏడ్చేశారు.

లేదని చెప్పి పంపించాను. తరవాత చార్టు ముందేసుకుని కూర్చున్నాను. పొద్దున్నించి రాత్రిదాకా పిండిపదార్థమే పెడుతుంటే షుగర్ ఎలా తగ్గుతుంది? ఆ మాట మనసులోకి రాగానే భయమేసింది. కాలేజీలో మార్కులు తెచ్చుకున్నది ఇదే రాసి. కాదనడానికి నేనెవరిని? నా మాట విని ఆవిడకేమైనా అయితే?

పైగా అన్నం తగ్గిస్తే మాత్రలూ తగ్గించాలి, లేదంటే షుగర్ మరీ తగ్గిపోయి కళ్ళు తిరిగి పడిపోతారు. పెద్ద డాక్టరుగారికి చెప్పక తప్పలేదు.

"చార్టు రాసినవాళ్ళకి తెలీదా అమ్మా?" అన్నారాయన. "రేపేదన్నా అయితే చార్టు ప్రకారమే చేశామని చెప్పుకోవచ్చు. నువ్వన్నావని చేశామంటే ఎవరు ఒప్పుకుంటారు?"

"చార్టు ప్రకారం చేసినా తగ్గట్లేదు కదండీ," అన్నాను.

ఆయన ఆవిడ పాత రిపోర్టులన్నీ తిరగేశారు. చివరికి మాత్ర సగం చేసి, వారం వారం రక్తపరీక్ష చేయించమన్నారు. "ఈ ఒక్కావిడకే. ఇంకెవరితోనూ అనకు."

టీచరుగారికి అన్నం బాగా తగ్గించి, బిస్కెట్లు మాన్పించి, గుడ్లు, కూరలు, పల్లీలు పెంచాను. ఆ వారమంతా ఆసుపత్రి ఫోను మోగితే చాలు, చేతిలో పని ఆపేసేదాన్ని. ఆవిడ గురించేనేమోనని రిసెప్షన్ వైపు చూసేదాన్ని.

షుగర్ తగ్గింది. పై వారం ఇంకాస్త.

"ఇగ మా ఇంటాయన ఏమంటడో చూస్త," అని టీచరుగారు నవ్వుకుంటూ వెళ్ళారు.

నాకు మాత్రం నిశ్చింత రాలేదు. ఒకరికి పనిచేస్తే అందరికీ పనిచేస్తుందని ఎలా చెప్పను? ఈలోగా ఇంకో పేషెంటు వచ్చి కూర్చున్నాడు. ఆయనా చెప్పినట్టే తింటున్నాడట, తగ్గట్లేదట. వేసుకుంటున్న మందులేమిటో అడిగి, కాసేపు ఉండమని, మళ్ళీ డాక్టరుగారి గది వైపు నడిచాను.